ఎత్తిన పాటకు పలికేదెవరు

నా గొంతు సంగతి ముందే చెప్పేస్తే మీకూ తేలిక, నాకూ తేలిక. నేను పాడితే పాలు విరిగిపోతాయని కన్నతల్లే అనేది. మా చర్చి పెద్ద, డీకన్ ఎజ్రా టాలివర్ కాస్త మర్యాదస్తుడు కాబట్టి ఇంకోలా చెప్పాడు. "వెర్‌డెల్, దేవుడు నీకు మంచి చేతులిచ్చాడు, వాటితోనే కొలువు. నువ్వు తలుపు దగ్గర నిలబడు" అన్నాడు. అలా మా చర్చిలో తలుపు నా పాలైంది. తెల్ల గౌను, తెల్ల చేతితొడుగులు, వచ్చినవాళ్లకి అట్ట విసనకర్రలు పంచడం, పరిశుద్ధాత్మ పూని ఒరిగిపోయేవాళ్లని కింద పడకుండా పట్టుకోవడం నా పని. వారమంతా ఇక్కడే మెంఫిస్‌లో, లామార్ రోడ్డు పక్కన నా జడలల్లే దుకాణం. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. వారానికి ఒక తలుపు చాలనుకున్నాను.

ఎజ్రా పాట ఎత్తేవాడు. ఎత్తడం అంటే మామూలు పాడటం కాదు. పియానో ఉండదు, పుస్తకం ఉండదు. ఎత్తేవాడు లేచి నిలబడి ఒక వరసని గబగబా చెప్పేస్తాడు. జనం దాన్ని అందుకుని సాగదీస్తారు, సాగదీస్తారు, గోడలు మూలుగుతున్నాయా అన్నట్టు. అది అయ్యాకే రెండో వరస. నల్లవాళ్లకి చదువు రానివ్వని రోజుల్లో మా ముత్తాతలు అలా నేర్చారు, మేమూ అలాగే నేర్చాం. దానికో కట్టుబాటుంది. ఎత్తేవాడు బతికుండగా ఇంకొకడు ఎత్తకూడదు. ఆయనే వచ్చి భుజం తట్టి, ఇక నువ్వు, అనాలి. ఎజ్రాని తట్టినవాడు ఎజ్రా మేనమామ. ఎజ్రా ఎవర్ని తడతాడో మా అందరికీ తెలుసు. ఎవడో తెలిసిన దానికి తొందరేముంది అనుకున్నాం.

వాడే కెండ్రెల్, ఎజ్రా మనవడు. తల్లి పోయాక తాత దగ్గరికి చేరాడు. వాళ్లిల్లూ నా ఇల్లూ పక్కపక్కనే, మధ్యలో కంచె కూడా లేదు. వాడి తల నా మోకాళ్ల మధ్య పెట్టుకుని జడలల్లేదాన్ని. వేళ్లు ఊరికే ఉంటే కదా, నా స్టూలు మీద దరువేస్తూనే ఉండేవాడు. కదలకు వెధవా అంటే, నా వాక్యాన్నే తాళంలో పెట్టి తిరిగి నాకే పాడేవాడు. గొంతు మాత్రం అచ్చం తాతది, అడుగున కాస్త ఇసుక రాసినట్టు. పెద్దవుతుంటే చుట్టుపక్కల కుర్రాళ్లందరిలాగే ర్యాప్ పట్టుకున్నాడు. వాళ్లలో సగం మందికి మాటలొస్తే పాట రాదు, సగం మందికి పాటొస్తే మాటలు రావు. వీడికి రెండూ వచ్చు. పేరు కూడా వాళ్లే పెట్టారు, లిల్ డీకన్, అంటే బుల్లి డీకన్, అని. ఎజ్రా విని నవ్వాడు. ఆ నవ్వు నేను చూశాను కాబట్టి చెబుతున్నాను, ఆయనకి ర్యాప్ అంటే కోపం లేదు.

వాడి గదిలో బట్టల అలమారే స్టూడియో. గోడలకి దుప్పట్లు కొట్టాడు, తాత చలికోట్లు వేలాడదీశాడు, మధ్యలో మైకు. ఒకే వరసని పాడిందే పాడి, ఒకదాని మీద ఒకటి పేర్చేవాడు. ఓ సాయంత్రం మొక్కజొన్న రొట్టె ఇద్దామని వెళితే లోపల్నుంచి ఊరేగింపు వస్తున్నంత గోల. ఎవర్రా లోపల అంతమంది అని తలుపు తోశాను. వాడొక్కడే, చెమటలు కక్కుతూ కూర్చుని ఉన్నాడు.

"నేనే అత్తా. అందరూ నేనే" అన్నాడు, గొప్పగా.

నాకెందుకో అది గొప్పగా అనిపించలేదు. రొట్టె పెట్టి వచ్చేశాను.

ఆ ఎండాకాలమే వాడి పాట బయటికొచ్చింది. కారు డిక్కీలోంచి అమ్మాడు, స్కేటింగ్ రింకులో వేయించాడు, ఆ తర్వాత రేడియోవాళ్లు పట్టుకున్నారు. పాటలో ఏముందో మాకు తెలియదు, తెలుసుకునే ఓపికా లేదు. ఓ శనివారం మధ్యాహ్నం ఎజ్రా నా దుకాణం ముందు కుర్చీ వేసుకుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాడు. సిగ్నల్ దగ్గర ఓ కారు ఆగింది. దాని స్పీకర్ల దెబ్బకి నా అద్దాలు గలగల్లాడాయి. ముందు ఎజ్రా గొంతు వచ్చింది.

"నా చేతులు అలిసిపోయాయి తండ్రీ, ఈ బరువు నువ్వందుకో."

మా పాట అది. చర్చిలో ఆయన ఎత్తినదే. ఆ వెనకే కెండ్రెల్ గొంతు, పదింతలు ఇరవయ్యింతలు పేర్చింది, ఆ వరసని అందుకుని సాగదీసింది. తర్వాత దరువు, సీసాలు, ఆడపిల్లలు, నా నోటితో చెప్పలేని మాటలు. సిగ్నల్ పడింది, కారు వెళ్లిపోయింది. ఎజ్రా ఒళ్లోంచి తొక్కలు దులుపుకుని లేచి ఇంటికెళ్లిపోయాడు. మర్నాడు చర్చిలో పాస్టరు, పాట ఎత్తమని, ఆయన వైపు చూసి తలూపాడు. ఎజ్రా లేవలేదు. మళ్లీ తలూపాడు. ఎజ్రా విసనకర్ర మీద బొమ్మ చూస్తూ కూర్చున్నాడు. చివరికి కీబోర్డు వాయించే పిల్ల ఏదో అందుకుని గట్టెక్కించింది.

ఆ బూతులకి ముసలాయన మనసు విరిగిందని చర్చి అంతా తీర్మానం చేసేసింది. నేను ఉడికించిన ఆకుకూర పట్టుకెళ్లి, పోనీలే ఎజ్రా, పిల్లకాయ నోరు, కడిగితే పోతుంది అన్నాను. ఆయన నన్ను తెలివితక్కువదాన్ని చూసినట్టు చూశాడు.

"బూతులు నేను వినలేదనుకున్నావా, నేను పత్తి మిల్లులో పనిచేసినవాణ్ణి" అన్నాడు. "నేను పిలిచాను వెర్‌డెల్. మీరంతా పలికారు. వాడు మీ జవాబు కోసేసి, తన గొంతే అతికించుకున్నాడు. ఇప్పుడు ఊళ్లో ప్రతి కారులో నేనొక్కణ్ణే పిలుస్తున్నాను, పలికేవాడు లేడు."

పలికితేనే పాట, పలక్కపోతే గొణుగుడు, అని ఆయన ఎప్పుడూ అనేవాడు. గిన్నె అక్కడ పెట్టి వచ్చేశాను.

కెండ్రెల్ అప్పటికే అట్లాంటా వెళ్లిపోయాడు. పెద్ద కంపెనీ ఏదో సంతకం చేయించుకుంది. టీవీలో కనిపించాడు, పళ్లకి బంగారం తొడుక్కుని. నేను అల్లిన జడలు కత్తిరించేశాడు, దానికి మాత్రం నాకు ఒళ్లు మండింది. కానీ ఆదివారం చర్చి వదలగానే ఫోను మోగేది. ఏ ఊళ్లో ఉన్నా సరే.

"తాత ఎత్తాడా అత్తా?"

"లేదురా."

"సరే" అని పెట్టేసేవాడు.

ఓసారి ఉండబట్టలేక తాత అన్న మాట అన్నట్టే చెప్పేశాను. ఎక్కడో బస్సు ఇంజను ఆగుతున్న చప్పుడు వినిపించింది. తర్వాత నెమ్మదిగా అన్నాడు, తాత పాట పట్టుకున్న రోజు నేను రికార్డరు చర్చి తలుపు దగ్గర కిటికీలో పెట్టాను అత్తా, అక్కడ నువ్వున్నావు. అందరికంటే నీ గొంతే గట్టిగా పడింది. నిన్నొక్కదాన్నే తీసేయడం కుదరలేదు, అందుకని అందరి జవాబూ కోసేశాను.

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. తలుపు దగ్గర పెదవుల కిందే పాడుకుంటున్నాననుకున్నాను ఇన్నాళ్లూ.

పెరిగినంత కాలం పట్టలేదు, తరిగిపోవడానికి. ముందు వాడి పేరు పోస్టరు మీద పైన ఉండేది, తర్వాత మధ్యలోకి, తర్వాత అడుగుకి జారింది. ఇంకొకళ్ల పాటల్లో పల్లవి పాడి పేరు లేకుండా వచ్చేసేవాడు. బస్సులో ఓ డ్రైవరు, హోటల్లో ఓ మంచం, స్టేజీ మీద తన గొంతుకే తను వంత పాడుకునే టేపు. బ్యాండు పెట్టుకోరాదురా అంటే, ఎందుకత్తా, అందరూ నేనేగా అన్నాడు. ఈసారి గొప్పగా అనలేదు. చివరికి కంపెనీ వదిలేసింది. మెంఫిస్ తిరిగొచ్చి ఎయిర్‌పోర్టు దగ్గర గిడ్డంగిలో సరుకులెత్తే లిఫ్టుబండి తోలే పనిలో చేరాడు, తాత ఇంట్లోనే దిగాడు.

తాతా మనవళ్లు పోట్లాడుకోలేదు. పోట్లాడుకున్నా బాగుండేది. వానా, కారు టైరూ, చేపల కూరా, అన్నీ మాట్లాడుకునేవారు, ఆ పాట సంగతొక్కటి తప్ప. కెండ్రెల్ ఆదివారం తాత పక్కనే కూర్చునేవాడు, తాతవైపు భుజం కాస్త వంచి. మీసాలొచ్చిన మగవాడు తట్టించుకోడానికి భుజం వంచి కూర్చోవడం చూడలేక నేను కిటికీలు తుడుస్తున్నట్టు నటించేదాన్ని. వాడికి లోకంలో ఇంకేం అక్కర్లేదు. నా దుకాణంలోకొచ్చి, ఒక్కసారి చెప్పు అత్తా, నా భుజం తట్టమను, అన్నాడు. చెప్పాను. ఎజ్రా అన్నాడు, తడితే వాడు ఎత్తుతాడు, వాడి గొంతుకి లోటేముంది. పలికేవాళ్ల కోసం ఆగడం వాడికి రాదు. అది నేను తడితే రాదు.

ఇంతలో పాత తరం ఒక్కొక్కళ్లే వెళ్లిపోయారు. సిస్టర్ ఒఫీలియా పోయింది, మంద్రంగా పాడే లూథర్ పోయాడు. కొత్త పాస్టరొచ్చాడు, డ్రమ్ములొచ్చాయి, గోడ మీద తెర వచ్చింది. ఎత్తే పాటని ఎవరూ తీసెయ్యలేదు. అడిగేవాళ్లు లేక అదే పోయింది.

చలికాలం మొదట్లో ఎజ్రా కుర్చీలోనే పోయాడు, ఎవర్నీ తట్టకుండానే.

మా దగ్గర శవపెట్టె మూత వేసే ముందు పాట ఎత్తాలి. ఎత్తేవాడే పెట్టెలో పడుకుంటే ఎవరెత్తుతారు? పాస్టరు పాపం మంచి మనసుతోనే ఓ ఉపాయం చెప్పాడు. డీకన్ గొంతు మిగిలింది కెండ్రెల్ పాటలోనే కదా, ఆ మొదటి ముక్క స్పీకర్లో వేద్దాం, దరువు రాకముందే ఆపేద్దాం అన్నాడు. కెండ్రెల్ వద్దన్నాడు. మైకు ఇస్తే పక్కన పెట్టేశాడు. నల్ల సూటులో పెట్టె పక్కన నిలబడ్డాడు. ఎవరూ తట్టని భుజాలు. నేను తలుపు దగ్గర నా చోట్లో ఉన్నాను. వాడే ఎత్తాడు.

"నా చేతులు అలిసిపోయాయి తండ్రీ, ఈ బరువు నువ్వందుకో."

చర్చి లేచింది. ఒట్టు, కిటికీలు అదిరాయి. వెనక వరసల్లో కుర్రాళ్లూ, వాళ్ల పెళ్లాలూ, వాడి గిడ్డంగివాళ్లూ, అందరూ అందుకున్నారు, సాగదీశారు. ఎజ్రా, విన్నావా అనుకున్నాను. మరుక్షణం నాకు తెలిసిపోయింది. వాళ్లు మాలాగ సాగదీయట్లేదు. రికార్డులో కెండ్రెల్ ఎక్కడ విరిచాడో అక్కడే విరుస్తున్నారు, ఎక్కడ ఊపిరి తీశాడో అక్కడే తీస్తున్నారు. వాడి గొంతే వాడికి తిరిగొస్తోంది. కెండ్రెల్ మొహం చూస్తే వాడికీ తెలిసిందని అర్థమైంది.

రెండో వరస ఇచ్చాడు.

"దారి నాకు తెలియదు తండ్రీ, ముందు నడిచిన అడుగు చూపించు."

ఎవరూ పలకలేదు. రికార్డులో ఉన్నది ఒక్క వరసే. అక్కడితో వాళ్లకొచ్చిన పాట అయిపోయింది. వాళ్ల తప్పేముంది, నోళ్లు తెరిచి ఎదురుచూస్తున్నారు పాపం. పాట తెలిసిన నోళ్లన్నీ ఎల్మ్‌వుడ్ శ్మశానంలో ఉన్నాయి. కెండ్రెల్ ఆగాడు. ఎక్కడో హీటరు గొట్టం టక్కుమంది. ఇంకా ఆగాడు. చివరికి కళ్లు మూసుకుని జవాబు తనే పాడుకున్నాడు. పేర్చడానికి అలమారా లేదు, మీటల్లేవు. ఒక్క గొంతు. మనిషి అంత ఒంటరిగా ఉండటం నేను ఇంకెప్పుడూ చూడలేదు, నా మొగుడు పోయిన ఇంట్లో కూడా.

మూడో వరస.

"ఇంటి తలుపు కనిపించాక తండ్రీ, పేరు పెట్టి నన్ను పిలువు."

అని, ఆగాడు. ఈసారి కళ్లు తెరిచే ఆగాడు. తనకు తను పాడుకోకుండా, పలక్కపోతే అక్కడే నిలబడి రాత్రయిపోయినా సరే అన్నట్టు.

నేను నోరు తెరిచాను. ఎజ్రా పెట్టెలోంచి లేచి తలుపు చూపించినా సరే అనుకున్నాను. పాలు విరిగాయో ఏమో, ముందు వరసలో ఓ పసివాడు ఏడుపు మొదలెట్టాడు. నేను సాగదీశాను. ఎక్కడ పైకెళ్లాలో అక్కడ కిందికెళ్లాను, కానీ ఎంతసేపు పట్టాలో అంతసేపు పట్టాను, అది మాత్రం నాకు తెలుసు. కెండ్రెల్ కదలకుండా విన్నాడు. నేను ఊపిరి పూర్తిగా వదిలాకే నాలుగో వరస ఎత్తాడు.

తర్వాత కింద గదిలో, కోడి వేపుడూ బీన్సూ పళ్లెంలో పెట్టుకుని నా పక్కన కూర్చున్నాడు. అత్తా, నువ్వు మొదటినుంచి చివరిదాకా శ్రుతిలో లేవు అన్నాడు. మీ తాత చెప్పలేదా అన్నాను. ఇద్దరం కాసేపు తిన్నాం.

ఇప్పుడు ఆదివారం ఆరాధన మొదలవక ముందు, డ్రమ్ముల పిల్లాడు ఇంకా కేబుళ్లు విప్పుకుంటుండగా, వాడు ముందు బల్ల దగ్గర నిలబడి ఎత్తుతాడు. నేను తలుపు దగ్గర్నుంచి పలుకుతాను. మధ్యలో అంతా ఖాళీ బల్లలు. మొన్నో రోజు వాడు చిన్న రికార్డరు పట్టుకొచ్చాడు. నీ జవాబులన్నీ పట్టుకుంటాను అత్తా, నీ ఆరోగ్యం కూడా అంతంతమాత్రమే కదా, ఈసారి కొయ్యను, ఒట్టు, అన్నాడు.

నేను దాన్ని వాడి జేబులోనే తిరిగి పెట్టేశాను.

"వద్దురా కెండ్రెల్. అందులో నేనుంటే, ఇక నువ్వు రావు."