అమ్మ గొలుసు, రెడ్డెమ్మ ఫొటో

మొన్న వంటింటి పైఅర దులుపుతుంటే అమ్మ మెరూన్ రంగు హ్యాండ్‌బ్యాగు నెత్తి మీద పడింది. జిప్పు లాగగానే కలరా ఉండల ఘాటు, దాని వెనకే బఖూర్ ధూపం, ఆ రెంటి అడుగున ఎవరి మొహానిదో పాత పౌడరు వాసన గుప్పుమన్నాయి. స్టూలు మీద అలాగే కూర్చుండిపోయాను. ఈ కువైట్‌లోనే ఇల్లు మారినప్పుడల్లా ఎన్నో పారేశాం గాని దీన్ని పారెయ్యడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. పేరుకు అమ్మదే, కానీ అమ్మ కంటే పరాయివాళ్ళ భుజాల మీదే ఎక్కువ తిరిగింది.

నా చిన్నప్పుడు కువైట్‌లో చలికాలం శుక్రవారమంటే మాకు పండగే. నాన్న కువైట్ సిటీలో ఓ ఆఫీసులో గుమాస్తా. మాది అమలాపురం పక్కన ఊరు. అమ్మ తెల్లారకుండానే లేచి పులిహోర కలిపి, గారెలు వండి, ఊరినుంచి ఎవరో తెచ్చిన తాటిబెల్లం ముక్కలు కాగితంలో చుట్టి, స్వెట్టర్ల మీద స్వెట్టర్లు వేసి నన్ను బంతిలా తయారుచేసి, బస్సెక్కించేది. జహ్రా గేటు దగ్గర దిగేవాళ్ళం. ఊరి చుట్టూ ఒకప్పుడుండే మట్టిగోడను కూల్చేసి గుమ్మాలు మాత్రం మిగిల్చారు. వాటిలో ఒకటి, కార్లు గిరగిరా తిరిగే చోట, నడుమ తోటలో ఒంటరిగా నిలబడి ఉండేది. గోడ లేని గుమ్మంలోంచి ఇటు దూరి అటు తేలి, మళ్ళీ అటు దూరి ఇటు తేలి, అదే ఆటగా నేను ఒగర్చేదాన్ని. అక్కణ్ణుంచి కొంచెం నడిస్తే ముబారకియా సూక్, అంటే పాత బజారు. అక్కడ ఎండు నిమ్మకాయల పులుపు, యాలకుల బస్తాలు, చేతులకంటుకునే ఖర్జూరం, ఎండుచేపల కంపు, ఊదు పొగ అన్నీ ఒకదాని మీద ఒకటి పడి వచ్చేవి. సూక్ దాటితే సముద్రపు గాలి, ఎదుటి కాలిబాట నుంచి కనిపించే సీఫ్ ప్యాలెస్ గడియారం. కువైట్ అంటే నాకు ఆ కాస్త నడకే.

ఆ నడకలో మాతో కడప, రాయచోటి వైపు ఆడవాళ్ళు కలిసేవారు. సబా అల్ సలేం పేటలో ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు, శుక్రవారం కొన్ని గంటలు సెలవు దొరికినవాళ్ళు. వాళ్ళు వచ్చేది చరిత్ర చూడ్డానికి కాదు, ఫొటోకి. నాన్న దగ్గర కెమెరా ఉండేది, అమ్మ దగ్గర సామగ్రి ఉండేది. రెండు పేటల గొలుసు, జుంకాలు, నల్లకళ్ళద్దాలు, గంధం రంగు పట్టుచీర, ఈ హ్యాండ్‌బ్యాగు. ఒకామె గేటు ముందు నిలబడి నవ్వి, గబగబా గొలుసు విప్పి పక్కామె మెళ్ళో వేసేది. చీర మాత్రం మార్చుకోవడం కుదరదు గనుక పైటలా భుజాన కప్పుకుని, కింద తొడుక్కున్నది ఫొటోలో పడకుండా నిలబడేవారు. ఒకే గొలుసు, ఒకే బ్యాగు అంతమంది ఊళ్ళకు వెళ్ళి అంతమంది అత్తల కళ్ళు చల్లబరిచేవి. నాన్నకు ఈ వ్యవహారమంతా మహా సరదా.

"నవ్వవమ్మా తల్లీ, రీలు అయిపోద్ది. ఆ ఏడుపు మొహం చూత్తే కెమెరాయే ఏడుత్తాది!" అనేవాడు. వాళ్ళు నవ్వేవారు. నాన్న హాస్యం కాస్త కరుకే అయినా ఫొటోలు మాత్రం బాగా వచ్చేవి.

వాళ్ళలో రెడ్డెమ్మ అంటే అమ్మకు ప్రాణం. బక్కపలచటి మనిషి, ఎప్పుడూ ఒక చేత్తో నడుం పట్టుకునే నడిచేది. వస్తూ వస్తూ నాకోసం మామా వాళ్ళ ఇంటి ఖర్జూరపు బిస్కెట్లు కొంగున కట్టుకొచ్చేది. మామా అంటే ఆమె పనిచేసే ఇంటి యజమానురాలు. గడియారం దగ్గర గారెలు తింటూ రెడ్డెమ్మ ఒకసారి అమ్మతో అంది.

"నేను ఇంటికి పోతానక్కా. నా వల్ల కాదు. మామా పొమ్మనే అంటాంది, టికెట్టు గూడా తీసిస్తానంటాంది. మా ఆయనే వద్దంటాండాడు."

"ఎందుకంటా?"

"ఫొటోల్లో రాణి మాదిరి ఉండావు, నీకేం కష్టమొచ్చిందని అడుగుతాండాడు."

నేను అప్పుడు గారె నములుతూ ఆమె మెళ్ళో గొలుసు ఎండకు ఎలా మెరుస్తుందో చూస్తున్నాను. ఎక్కడైనా యజమాని పట్టుకుని వదలడని ఏడుస్తారు. రెడ్డెమ్మకు యజమానురాలు తలుపు తీసే ఉంచింది, తాళం వేసింది కట్టుకున్నవాడు. ఊళ్ళో మిద్దె మీద మిద్దె లేస్తోంది, ఆమె దిగి వస్తే అది ఆగిపోతుంది. ఆ మొగుణ్ణి నేను ఎన్నడూ చూడలేదు, అయినా ఇవాళ్టికీ నాకు ఒళ్ళు మండుతుంది.

తర్వాత శుక్రవారం రెడ్డెమ్మ పనిబట్టల్లోనే వచ్చింది. పొడుగాటి వెలిసిన గౌను, తలకు గుడ్డ, మోచేతి దగ్గర నూనె పడి కాలిన మచ్చ. అమ్మ గొలుసు తియ్యబోతే వద్దంది.

"అన్నా, ఉండేది ఉన్నట్టు తియ్. నవ్వమనాకు. చెయ్యి గూడా కనపడాల" అంది.

నాన్న మొదటిసారి ఏ వేళాకోళమూ ఆడలేదు. గేటు ముందు ఒకటే తీశాడు. ఆ రోజు సూక్‌లో ఆమె ఎంత ఉత్సాహంగా నడిచిందో నాకు గుర్తుంది. నడుం మీద చెయ్యి తీసేసి, నా వేలు పట్టుకుని, ఊరెళ్ళగానే శనక్కాయలు ఉడకబెట్టి తింటానని, వాన పడితే గడపలో కూర్చుంటానని, ఒకటే చెప్పింది. ఈ ఫొటో చూస్తే ఎంత రాయైనా కరుగుతాడని మేమందరం నమ్మాం.

నెల తిరిగాక గేటు దగ్గర కలిసింది. అమ్మ అడగకముందే చెప్పింది.

"ఈమె ఎవురు, ఎవురి ఫొటోనో పంపిచ్చినావే అన్నాడక్కా ఫోన్లో. నేనేలేయ్యా అంటే నమ్మల్యా. మా పిల్లోడికి గూడా చూపిచ్చినాడంట. మాయమ్మ కాదు, మాయమ్మకి గొలుసుంటాదన్నాడంట వాడు."

అని, అమ్మ మెళ్ళోంచి తనే గొలుసు తీసుకుని వేసుకుంది. బ్యాగు భుజాన తగిలించుకుంది. జుంకాలు పెట్టుకుంది. గేటు ముందు ఒకటి, సూక్ ముందు ఒకటి, గడియారం ముందు ఒకటి, నాన్న చెప్పకుండానే నవ్వింది. ఆమె అన్నింటికంటే బాగా నవ్విన ఫొటోలు అవే.

ఆ ఎండాకాలం, బయట గాలి పొయ్యిలోంచి వచ్చినట్టున్న రోజుల్లో, రెడ్డెమ్మ మామా వాళ్ళ వంటింట్లో కూలబడి మళ్ళీ లేవలేదు. గుండె అన్నారు. మామా మా ఇంటికి మనిషిని పంపి కబురు చెప్పించింది, తను కూడా వెక్కి వెక్కి ఏడ్చిందట. శవాన్ని పెట్టెలో ఊరికి పంపారు. రెడ్డెమ్మ ఇంటికి వెళ్ళడానికి చివరికి మొగుడి అనుమతి అక్కర్లేకపోయింది.

పెట్టె చేరిన కొన్ని రోజులకే రెడ్డెమ్మ మొగుడు మా ఇంటికి ఫోన్ చేశాడు. నాన్న రిసీవరు అమ్మకిచ్చాడు. అతను గట్టిగా మాట్లాడే మనిషి, పక్కనున్న నాకూ వినిపించింది.

"గొలుసు రాలేదమ్మా పెట్లో."

"అది నాది బాబూ. ఫొటో కోసవని ఏసుకునేది" అంది అమ్మ.

"సచ్చిపోయినామె మింద అబద్దాలెందుకు జెప్తావు? గేటు కాడ ఏసుకోనుండాది, అంగడి కాడ ఏసుకోనుండాది, గడియారం కాడ ఏసుకోనుండాది. ఎవురి గొలుసైనా అన్ని తూర్లు ఎవురిస్తారు?"

నాన్న మండిపడ్డాడు. కేసు పెట్టుకోమను, ఇచ్చేది లేదన్నాడు. అమ్మ మెడ తడుముకుంది.

"ఇచ్చెయ్యండి. అరువు సొమ్మని తెలిత్తే సచ్చినదాన్ని కూడా వదలరు, తిడతారు" అంది.

సెలవు మీద ఊరెళ్తున్న ఒకతని చేత గొలుసు పంపింది. అతను తిరిగొస్తూ ఒక కబురూ ఒక కవరూ మోసుకొచ్చాడు. ఫొటోలో జుంకాలు కూడా ఉన్నాయి, అవెప్పుడు పంపుతారని కబురు. కవరులో ఒక ఫొటో. అందులో, వెలిసిన గౌను, కాలిన చెయ్యి, నవ్వని మొహం.

"ఇది మీవాళ్ళెవర్దో అంట. పొరపాట్న మాకొచ్చింది, ఇచ్చెయ్యమన్నాడు" అన్నాడతను, పాపం ఏమీ తెలియక.

అమ్మ జుంకాలు కూడా పంపింది. ఆ తర్వాత మేం ఆ నడకకు వెళ్ళలేదు. నాన్న కెమెరా అమ్మేశాడు.

బ్యాగు దొరికాక వచ్చిన శుక్రవారం, దీన్ని తగిలించుకుని జహ్రా గేటుకు ఒక్కదాన్నే వెళ్ళాను. గేటు ఉంది, దూరి ఆడుకునే పిల్లలు లేరు. సూక్‌లో మేం ఫొటోలు కడిగించుకున్న స్టూడియో చోట ఇప్పుడు ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. ఎండు నిమ్మకాయల వాసన మాత్రం అలాగే ఉంది, అదే ఎక్కువ కోపం తెప్పించింది. నాన్న పోయాడు, అమ్మ మెడ బోసిగానే ఉంది. రాయచోటి అవతల ఆ మిద్దెలో, నవ్వుతున్న ఫొటోకి దండ వేసి, తద్దినం నాడు కొబ్బరికాయ కొడుతూనే ఉంటారు. రెడ్డెమ్మ ఇక్కడుంది, ఈ బ్యాగు లోపలి జేబులో, ఎవరిదో అని తిరిగొచ్చి.