తొణకని గిన్నె

ఆయన జీవితమంతా ప్రయోగశాలలే కట్టించాడు. భౌతికశాస్త్రం వాళ్లు కంటికి ఆననివి కొలుస్తారు. పక్కగదిలో ఎవరైనా తలుపు గట్టిగా వేసినా వాళ్ల కొలత తప్పుతుంది. అందుకని గది మధ్యలో, నేలను ఎక్కడా తగలకుండా, భూమి లోపలినుంచి విడిగా ఒక దిమ్మె లేపేవాడు. చుట్టూ వేలెడు సందు. ఆ సందే ఆయన ప్రాణం. మేస్త్రీలకేమో సందు కనిపిస్తే చేయి ఊరుకోదు, సిమెంటు కొట్టేదాకా నిద్రపట్టదు. వాళ్లకు కాపలా కాయడంతోనే ఆయన జుట్టు నెరిసింది.

దిమ్మె కుదిరిందో లేదో తేల్చే పరికరాలు ఉండనే ఉన్నాయి. వాటికంటే ముందు ఆయన సొంత పరీక్ష ఒకటుండేది. దిమ్మె మీద వెడల్పాటి గిన్నెలో నీళ్లు పెట్టి, దాని చుట్టూ భార్యను నడిపించేవాడు. ఆవిడది మామూలు నడక కాదు. "నేల అదిరిపోతోంది, మెల్లగా నడవవే" అని పుట్టింట్లోనూ అత్తింట్లోనూ తిట్లు తిన్న నడక. దానికి కొలువిచ్చింది ఆయనొక్కడే.

"నిండు కుండ తొణకదంటారు. మీకు సగం గిన్నె కూడా తొణక్కూడదు. ఇదెక్కడి చాదస్తమండీ?" అనేది ఆవిడ, దబదబ అడుగులేస్తూ.

"ఇంకాస్త గట్టిగా," అనేవాడు గిన్నె మీంచి కళ్లు తిప్పకుండా.

"ఈ మాట మీ అమ్మగారి ముందు అనండి చూద్దాం."

ఆవిడ పోయి చాలాకాలమైంది. ఆయనా పని మానేశాడు. కదలిక లేని గదులు అన్ని కట్టినవాడికి, కదలిక లేని ఇల్లు మాత్రం భరించరానిదైంది.

మొన్నొక ఉదయం ఫోను వచ్చింది. ఆయన మొట్టమొదట కట్టిన ప్రయోగశాలకు కొత్త నేల వేస్తున్నారట. దిమ్మె చుట్టూ దుమ్ము చేరుతోందని సందు పూడ్చేస్తారట. పూడ్చారంటే దిమ్మె కూడా నేలతోపాటే వణుకుతుంది. కూతుర్ని తోడు తీసుకుని ఆదరాబాదరా బయల్దేరాడు.

అక్కడి ఇంజనీరమ్మ మర్యాదగానే విన్నది. "నిజమే సార్. కానీ ఇన్నేళ్లలో దిమ్మె కుంగి, లోపలెక్కడో నేలకు ఆనుకునే ఉంటుంది. ఇప్పుడా సందు ఉన్నా లేనట్టే," అంది.

ఆ భయం ఆయనకూ లేకపోలేదు.

"ఓ గిన్నె దొరుకుతుందా అమ్మా?" అని అడిగాడు.

దిమ్మె మీద నీళ్లు పెట్టారు. కూతురిదీ తల్లి నడకే. గది చుట్టూ దబదబ తిరిగింది. బల్ల మీది సీసాలు గలగలమన్నాయి. నీళ్లు నిద్రపోతున్న పిల్లలా పడున్నాయి.

ఇంజనీరమ్మ వంగి చాలాసేపు చూసింది. "ఉంచేద్దాం సార్. దుమ్ముదేముంది, తుడిపిస్తాం," అంది.

కూతురు వెళ్దామని చేతిసంచి అందుకుంది. ఆయన మాత్రం గిన్నెను దిమ్మె మీంచి దించి, పక్కన నేల మీద పెట్టి, మోకాళ్లు పట్టుకుంటూ దాని ముందు కూర్చున్నాడు.

"అయిపోయింది కదా నాన్నా?"

"అయిపోయింది. మీ అమ్మలా ఇంకొక్కసారి నడువమ్మా."

ఆమె నడిచింది. గిన్నెలో నీళ్లు వలయాలు వలయాలుగా కదిలాయి. ఆయన కళ్లు తిప్పకుండా చూస్తూ కూర్చున్నాడు.