నాలుగు ఐరన్ లెగ్గుల చిట్టి

మా చిన్నప్పుడు... ఒక సాయంత్రం నాన్న టిఫిన్ క్యారియర్ పట్టుకుని నేరుగా వంటింట్లోకి వచ్చేశాడు. షూటింగ్‌లో మిగిలిన గారెలేమో అని నేను ఎగబడి మూత తీశాను. గారెలూ లేవు, బూరెలూ లేవు... లోపల బిస్కెట్టంత తాబేలు! ఆకుపచ్చ డిప్ప... కళ్ల పక్కన ఎర్రటి చార...

అమ్మ గరిటె పట్టుకునే వెనక్కి గెంతింది. "తాబేలు దూరిన ఇల్లు బాగుపడదంటారు. ముందు దాన్ని బయట పెట్టండి!"

"ఈ ఒక్క పూటేనే... రేపు దుర్గం చెరువులో వదిలేస్తా" అన్నాడు నాన్న.

అప్పుడు ఫిల్మ్‌నగర్‌లో కొండవాలు మీద రెండు గదుల వాటాలో ఉండేవాళ్లం. నాన్న ఒక నిర్మాతగారి దగ్గర ప్రొడక్షన్ మేనేజరు. ఆఫీసులో తాబేలుంటే కాసులు కురుస్తాయని ఆయనకెవరో చెప్పారట. వెంటనే గాజుగిన్నెతో సహా కొనుక్కొచ్చి ఉత్తరం వైపు పెట్టించారు. శుక్రవారం సినిమా విడుదలైంది... మ్యాట్నీ అయ్యేసరికే సినిమా పోయిందని టాక్ తేలిపోయింది. ఆఫీసులో మాత్రం కథ బాలేదని ఒక్కరంటే ఒక్కరు అనలేదు. పాటలు బ్రహ్మాండమట, ఫైట్లు అదుర్సట. ఇక తప్పు ఎవరిది? పాపం, తాబేలుది!

"మనుషులకైతే రెండే కదయ్యా... దీనికి నాలుగూ ఐరన్ లెగ్గులే! తీసుకెళ్లి ఏదో ఒక చెరువులో పడేసిరా" అని హుకుం జారీ చేశారట నిర్మాతగారు.

నాన్న అన్న ఆ 'రేపు' రానేలేదు. పొద్దున్నే ఔట్‌డోర్ షూటింగ్‌కి వెళ్లిపోయాడు. తిరిగొచ్చేసరికి నేను దానికి చిట్టి అని పేరు పెట్టేసి, మా ఇంటి ఓనరు బాలమణి ఆంటీకి చూపించడం కూడా అయిపోయింది.

"బుడ్డది ముద్దుగున్నది గదనే! గీ గిన్నెల ఏం ఈదుతది? మా పాత గోలెం ఉత్తగనే పడున్నది, తీస్కో బిడ్డా" అంది ఆంటీ. అలా నీళ్లు పట్టుకునే ఆ పెద్ద గోలెం పెరట్లో చిట్టికి ఇల్లయింది. మధ్యలో ఒక రాయి పెట్టాం. దాని మీదెక్కి కాళ్లు బారజాపి ఎండ కాచుకునేది. నేను పిల్లిలా నడిచి వెళ్లినా సరే, బుడుంగుమని మునిగిపోయేది... తోటకూర వేస్తే మాత్రం మెడ సాగదీసుకుని వచ్చేది. "దిక్కుమాలిన తాబేలు, దరిద్రపు తాబేలు" అని తిట్టుకుంటూనే నీళ్లు మార్చేది ఎవరనుకున్నారు? మా అమ్మే!

నాన్నకి మాత్రం ఒకటే భయం. "బయటెక్కడా అనకు తల్లీ. ఇది మనింట్లో ఉందని తెలిస్తే ఇంకో సినిమాకి నన్ను పిలవరు" అనేవాడు. నా నోట్లో నువ్వుగింజ నానదు కదా... స్కూల్లో సైన్స్ టీచరుకి చెప్పేశాను. ఎర్రచార ఉందనగానే ఆవిడ, "అది అమెరికా వైపు తాబేలమ్మా, మన చెరువుల్లో మాత్రం వదలకండి. మన తాబేళ్ల తిండీ, అవి ఎండ కాచుకునే రాళ్లూ అన్నీ అదే లాక్కుంటుంది" అన్నారు. ఇంటికొచ్చి అమ్మకి అప్పజెప్పాను. అమ్మ "ఊఁ" కొడుతూ తోటకూర తరుగుతూనే వింది.

రెండు మూడేళ్లు తిరిగేసరికి చిట్టి పళ్లెమంత అయింది. ఒకరోజు నిర్మాతగారు స్వయంగా లడ్డూలు పట్టుకుని మా ఇంటికొచ్చారు. మర్నాడు కొత్త సినిమా ముహూర్తం. నాన్న లోపల గజగజ, బయట చిరునవ్వు. అంతా బాగానే జరిగేది... ఆయన చెయ్యి కడుక్కుంటానని పెరట్లోకి వెళ్లకపోతే!

"ఓరి నాయనోయ్! ఇదింకా ఉందా? పైగా ఇంతయిందా? ముహూర్తం పెట్టుకుని దీని మొహం చూశానేంటయ్యా! ఎత్తు, కార్లో పెట్టు. ఇప్పుడే చెరువు దగ్గరికి పోదాం."

నాన్న తల వంచుకుని గోలెం దగ్గరికి నడిచాడు. నేను గోలేన్ని రెండు చేతులా వాటేసుకుని గొల్లుమన్నాను. అమ్మ కొంగు దోపుకుని మధ్యలోకి వచ్చింది.

"అన్నయ్యగారూ, ఒక్క మాట. ఇది ఒక్కటుంటేనే మన సినిమా అలా అయింది. చెరువులో వదిలితే గుడ్లు పెట్టి వంద అవుతుంది. అప్పుడిక ఫిల్మ్‌నగర్‌లో ఒక్క సినిమా అయినా ఆడుతుందా అండీ?"

"ఒక్కటే వందెలా అవుతుంది చెల్లెమ్మా?"

"మీలాగే పక్క ఆఫీసువాళ్లూ ఒకటి వదిలి ఉంటేనో?"

 నిర్మాతగారు మెట్టు మీద కూలబడ్డారు. లేచి, "ఇదిగో, దీన్ని గడప దాటనివ్వకు. ఇకనుంచి ఇది కూడా నీ డ్యూటీయే" అని నాన్నకి గట్టిగా చెప్పి వెళ్లిపోయారు. నేను అమ్మ నడుం చుట్టేసుకున్నాను. అంత సంతోషం నాకు పండక్కి కొత్త బట్టలు కుట్టించినప్పుడు కూడా కలగలేదు.

ఆ సినిమా ఆడేసింది! తాబేలుని బంధించినందుకేనని ఆయన నమ్మకం. ఆ తర్వాత సినిమా విడుదలైన ప్రతిసారీ పొద్దున్నే ఫోన్ మోగేది... "చెల్లెమ్మా, అది లోపలే ఉందా?"

ఇప్పుడు నిర్మాతగారు లేరు. ఆయన ఆఫీసు ఉన్నచోట కాఫీ షాపు వెలిసింది. మేం వెంగళరావు నగర్ వచ్చేశాం, చిట్టి కూడా మాతోనే వచ్చింది. షాపుల్లో ఇప్పుడు పెద్ద తొండల్లాంటి ఇగ్వానాలట, రంగురంగుల విదేశీ చిలకలట... రీల్స్ తీసుకున్నన్నాళ్లు ముద్దు, ఆ తర్వాత సంచీలో వేసుకుని చెరువు గట్టుకి. మొన్న ఒక పార్కు చెరువులో చూశాను... రాయి మీద అన్నీ ఎర్రచారలవే, ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. మన తాబేలు ఒక్కటి కూడా కనబడలేదు. అప్పట్లో సినిమా పోతుందన్న భయమైనా ఒక చెరువుని కాపాడింది... ఇప్పుడు ఆ భయం కూడా లేదు.

మీ ఇంటికీ ఇలా దేశం కాని దేశం నుంచి వచ్చిన చుట్టం ఎవరైనా ఉన్నారా? ఉంటే ఆ ముచ్చట్లు కింద రాయండి. సాకలేకపోతున్నారా... చెరువు దాకా వెళ్లకండి, మా ఇంటికి పట్టుకొచ్చేయండి. అమ్మ తిడుతుంది... తిడుతూనే ఇంకో తొట్టి కడుగుతుంది.