గట్టు తాకితే ఎక్కు

క్రికెట్టయితే మహమూదా బీ కూడా అందరిలాగా ఇండియా పక్షమే. ఒలింపిక్స్‌లో ఈత పోటీలు వచ్చినప్పుడు మాత్రం ఆమెకు ఆస్ట్రేలియా గెలవాలి. ఓడిందని ఫోన్‌లో తెలిస్తే ఆ పూట అన్నం సహించదు. అందుకే ఆదోనిలో ఆ వీధివాళ్ళు ఆమెను ‘ఆస్ట్రేలియా బీ’ అని ఏడిపిస్తారు.

ఈ పిచ్చి అంటించింది బడిలో ఆటల టీచరు అక్షత. వందేళ్ళ కిందట ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ ఈత మొదటిసారి పెట్టినప్పుడు, ఆస్ట్రేలియా నుంచి ఇద్దరు అమ్మాయిలు పోతామన్నారట. మగవాళ్ళు చూసే చోట ఆడవాళ్ళు పోటీకి దిగకూడదని అక్కడ కట్టుబాటు. అయినా పట్టుబట్టి పోయి, ఒకతి బంగారం, ఇంకొకతి వెండి తెచ్చారట. ఆ తర్వాత ఈతలో ఆ దేశానికి పతకాలు వస్తూనే ఉన్నాయి.

“ఆడ గూడా అట్లే అన్న్యారా!” అని మహమూదా బీ నోరు తెరిచేసింది. ఆ క్షణం నుంచి ఆస్ట్రేలియా ఆమెకు పుట్టిల్లు.

ఆమె చేసే పని కూడా అదే మరి. ఊరి బయట తమ్ముడి చేలో దిగుడుబావి ఉంది. పొద్దున్నే వీధిలోని ఆడపిల్లలను తీసుకుపోయి, నడుముకు బెండు కట్టి ఈత నేర్పుతుంది. బావి ఇరుకు, పిల్లలు ఎక్కువ. అందుకని అక్కడ ఒకటే చట్టం: “గట్టు తాకితే ఎక్కు!” ఒకతి ఎక్కితేనే ఇంకొకతి దూకాలి. నీళ్ళలోనే నానుతూ కూర్చుంటే తడి దుపట్టాతో వీపు మీద ఒక్కటి పడుతుంది.

అందరిలోకీ వేగం మనవరాలు అల్మాస్‌ది. కర్నూలులో ఈత పోటీలకు అక్షత టీచరు ఆ పిల్ల పేరు ఇచ్చేసరికి, తండ్రి నయీమ్ ఆటో తోలడం మానుకుని ఇంటికొచ్చి మరీ గొడవ పడ్డాడు.

“అమ్మీ, అంతమంది సూస్తాంటే నా బిడ్డ ఈదల్లనా?”

బతిమాలగా బతిమాలగా ఒప్పుకున్నాడు. “గెలిస్తే సరే. ఓడిపోతే ఇంగ బావి మాట ఎత్తొద్దు.”

ఒళ్ళంతా కప్పే ఈత బట్టలు మహమూదా బీ తానే కుట్టింది. కొలను ఆ చివరికి పోయి, తిరిగి ఈ చివరికి రావాలని టీచరు చెప్తే అల్మాస్ బుద్ధిగా తల ఊపింది. ఈల మోగింది. బారలు వేస్తూ పోయి ఆ చివర గోడను అందరికంటే ముందు తాకింది. తాకి, చక్కగా పైకెక్కి, బట్టలు పిండుకుని, వెనక వచ్చేవాళ్ళకు చోటిస్తూ పక్కకు జరిగి నిలబడింది!

మిగతా పిల్లలు గిర్రున తిరిగి వెళ్ళిపోతున్నారు. అంతవరకు మొహం అటు తిప్పుకుని కూర్చున్న నయీమ్ కుర్చీ మీదికెక్కాడు.

“దూకే! ఇంగా అయిపోలే, దూకే!”

ఆ గొంతుకు జనమంతా అతనివైపే చూశారు. లాభం లేకపోయింది. అల్మాస్‌ను పోటీ నుంచి తీసేశారు.

తిరిగొస్తూ ఎమ్మిగనూరులో టీకి ఆగారు. మహమూదా బీకి ఏడుపు ఆగలేదు. పిల్లను ఓడించింది తన చట్టమే.

“తప్పు నాది బేటా, బిడ్డను అనొద్దు. బావి మాట ఇంగ ఎత్తను.”

నయీమ్ టీ గ్లాసు ఖాళీ చేసి లేచాడు.

మర్నాడు పొద్దున ఆమె బావికి పోలేదు. లేచి చూస్తే ఇంట్లో అల్మాస్ లేదు, వాకిట్లో ఆటో లేదు. చేనికి పరిగెత్తింది.

బావిలో ఆఖరి మెట్టు మీద నయీమ్ అడ్డంగా కూర్చుని ఉన్నాడు, కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని. అల్మాస్ ఈదుకుంటూ వచ్చి మెట్టు తాకింది.

“ఎక్కేకి ఈడ చోటు లే. తిరుగు!” అని వెనక్కి నెట్టాడు. పిల్ల కిలకిలా నవ్వుతూ తిరిగింది.

పైన తల్లి నిలబడిందని అతనికి తెలిసినట్టుంది.

“అమ్మీ, ఆ ఆస్ట్రేలియావాళ్ళు గూడా మొదట్ల ఇట్లే ఎక్కేసింటారా?”

మహమూదా బీ కళ్ళు తుడుచుకుంది.

“ఎక్కేసింటారు బేటా. మళ్ళా దిగింటారు.”