సిస్టరమ్మ చెప్పిన గ్రూపు

అది 2022 జూన్. బోధన్‌లో నేను పనిచేసే ఆస్పత్రిలో డ్రెస్సింగ్ రూమ్ బాధ్యత అప్పుడు నాదే. కోటగిరి దగ్గరి పల్లె నుంచి సాయవ్వ అనే బీడీలు చేసే ఆవిడ కాలి పుండుతో రోజు విడిచి రోజు వచ్చేది. షుగరు పుండు కాబట్టి త్వరగా మానలేదు. వెంట కూతురు మౌనిక వచ్చేది. ఆ పిల్ల అప్పుడే పదో తరగతి పరీక్షలు రాసింది.

పుండు విప్పితే వెంట వచ్చినవాళ్ళు మామూలుగా తల తిప్పుకుంటారు. ఈ పిల్ల ఇంకా ముందుకు వంగేది. రెండో రోజే ఒక ప్రశ్న వేసింది. "మేడమ్, ఒక్క దూదితోని ఒక్కసారే తుడిసి పారేస్తున్నరు, గదెందుకు?" పుండును నడిమి నుంచి అంచులకు తుడవాలని, వాడిన స్వాబ్, అంటే మందులో తడిపిన దూది, మళ్ళీ లోపలికి తేకూడదని చెప్పాను. ట్రైనింగుకు వచ్చిన పిల్లలు కూడా అరుదుగా అడిగే ప్రశ్న అది. నాకు పిల్ల నచ్చేసింది. ఎవరైనా నచ్చితే ఇక నా నోటికి తాళం ఉండదు.

నర్సు కావాలని ఉందంది. జీఎన్‌ఎమ్ అంటే మూడేళ్ళ డిప్లొమా అని, బీఎస్సీ నర్సింగ్ అంటే నాలుగేళ్ళ డిగ్రీ అని వివరించాను. బీఎస్సీయే చేస్తానంది. తర్వాత నర్సింగ్ కాలేజీలో పాఠాలు కూడా చెప్పాలట. ఉన్నదొక్కటే భయం, ఫిజిక్స్. మరి ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకోవాలని అడిగింది.

మావైపు పల్లెల్లో ఆస్పత్రి సిస్టరమ్మ మాటకు తిరుగుండదు. జ్వరానికే కాదు, పెళ్ళి సంబంధానికీ పిల్లల చదువుకూ మమ్మల్నే అడుగుతారు. తెలిసినా తెలియకపోయినా మేమూ టక్కున చెప్పేస్తాం. నేను ఇంటర్‌లో చదివింది సీఈసీ, అంటే సివిక్స్, ఎకనామిక్స్, కామర్స్. "ఫిజిక్సుతోని నీకేం పని? సీఈసీ తీస్కో. నేను గాలేదా నర్సును?" అన్నాను. నేను చేసింది జీఎన్‌ఎమ్ అన్న సంగతి ఆ నిమిషాన నాకే గుర్తు రాలేదు.

సాయవ్వ పుండు మానింది. తల్లీకూతుళ్ళు రావడం ఆగిపోయింది. ఆగస్టులో నర్సింగ్ కాలేజీ పిల్లలు క్లినికల్ పోస్టింగుకు, అంటే వార్డులో పని నేర్చుకోవడానికి వచ్చారు. బ్యాండేజీలు మడుస్తూ ఒకమ్మాయిని మాటవరసకు అడిగాను, మీ బీఎస్సీలో సీఈసీ నుంచి వచ్చినవాళ్ళు ఎందరున్నారని. ఆ పిల్ల నావంక వింతగా చూసింది. "బీఎస్సీల తీస్కోరు మేడమ్. బైపీసీ ఉండాలె. జీఎన్‌ఎమ్‌ల అయితే ఉంటరు."

నా మాట మీద ఒక పిల్ల రెండేళ్ళు తప్పుడు దారిలో నడవబోతోంది. నన్ను నేను తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాయలేను.

మర్నాడు సెలవు పెట్టి బస్సెక్కాను. సాయవ్వ అరుగు మీద చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చేస్తోంది. నన్ను చూసి సంబరపడి చాయ్ పెట్టమని కూతురికి చెప్పింది. చాయ్ వచ్చేదాకా ఆగితే నా ధైర్యం జారిపోతుందని నిలబడే చెప్పేశాను. తప్పు నాదే, తెలియకుండా చెప్పాను, సీఈసీతో బీఎస్సీ సీటు రాదు.

మౌనిక గడపలోనే కూర్చుండిపోయి ఏడ్చింది. సాయవ్వ చేతిలోని బీడీకి దారం చుట్టడం పూర్తిచేసి తలెత్తింది. నాలుగు తిడితే బాగుండునని అనిపించింది. ఆమె తిట్టలేదు.

"ఇంత దూరమొచ్చి తప్పైందని చెప్తున్నవు సిస్టరమ్మా. సర్లే, ఇప్పుడేం జెయ్యాలె?"

ముగ్గురం అప్పటికప్పుడు కాలేజీకి వెళ్ళాం. గ్రూపు మార్చుకునే గడువు ఇంకా నాలుగు రోజులే ఉంది. ప్రిన్సిపాల్ గారు నిట్టూర్చి, "బైపీసీ తీస్కొమ్మని మేం ముందుగాలనే చెప్పినం మేడమ్. బోధన్‌ల ఎవరో సిస్టరమ్మ సీఈసీ అన్నదని ఈ పిల్ల ఒక్కటే పట్టు పట్టింది" అన్నారు. ఆ సిస్టరమ్మను నేనే సార్ అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నవ్వు ఆపుకోవడానికే అనుకుంటాను. గ్రూపు మాత్రం మార్చారు.

ఇక మిగిలింది ఫిజిక్స్. నాకూ రాదు, తనకూ రాదు. ఆదివారాలు మా క్వార్టరుకు వచ్చి చదివిన పాఠం నాకు చెప్పేది, నేను అర్థం కాలేదనేదాన్ని. అది నటన కాదు, నిజంగానే అర్థమయ్యేది కాదు. నాకు తెలియజెప్పే తంటాలో తనకు బోధపడేది. పీడనం పాఠం మాత్రం నేనే చెప్పాను. సెలైన్ బాటిల్ పైకి జరిపితే చుక్కలు ఎందుకు జోరందుకుంటాయో ఏళ్ళ తరబడి చూస్తున్నదాన్ని గదా. ఆ రోజు నా గర్వం చూసి పిల్ల పగలబడి నవ్వింది. రెండేళ్ళు అలా గడిచాక నిజామాబాద్‌లో బీఎస్సీ సీటు వచ్చింది.

ఈమధ్య ఒక మధ్యాహ్నం ఫోన్ చేసింది. వార్డు పోస్టింగులో ఒక పేషంటుకు పదింటి మాత్ర ఇవ్వడం మరిచి, పన్నెండింటికి చూసుకుందట. పేషంటుకు ఏమీ కాలేదు.

"చార్టుల పది అని రాస్తే ఎవ్వలికి తెల్వకపోవు మేడమ్. రాయలే. నేనే పోయి ఇంఛార్జికి చెప్పిన."

"తిట్టిందా?"

"మస్తు తిట్టింది. అయినా నాకు మంచిగనే ఉన్నది. మీరు మా ఇంటికి వొచ్చిన రోజు యాదికొచ్చింది."

తెలియనిది తెలియదని చెప్పాలని, తప్పు చెప్పామని తెలిస్తే బస్సెక్కి వెళ్ళైనా దిద్దుకోవాలని నేను యాభై దగ్గర పడ్డాక నేర్చుకున్నాను. మౌనిక చదువు పూర్తికాకముందే నేర్చుకుంది. నా ఉద్యోగంలో ఎందరికో ఎన్నో సలహాలిచ్చాను. ఆ పిల్లకు పనికొచ్చింది మాత్రం నా సలహా కాదు.