దుర్గ ఉమ్మేసిన మాత్రలు

అది 2008. పోర్ట్ బ్లెయిర్‌లోని ఒక ఆసుపత్రి పిల్లల వార్డులో నేను స్టాఫ్ నర్సుని. రంగత్ నుంచి తొమ్మిదేళ్ల దుర్గని వాళ్ల అమ్మమ్మ అప్పాయమ్మ రెండోసారి తీసుకొచ్చింది. పిల్లకి హెచ్‌ఐవీ తల్లి నుంచి వచ్చింది. తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. మొదటిసారి వచ్చినప్పుడు ఏఆర్‌టీ మొదలుపెట్టాం. అంటే వైరస్‌ను అణిచి ఉంచే మాత్రలు. రోజుకి రెండుసార్లు, ఒక్క పూట కూడా తప్పకుండా, జీవితాంతం వేసుకోవాలి. వాటితో పిల్ల తేరుకుని బడికి కూడా వెళ్లసాగింది.

ఈసారి నిమోనియాతో, నోటినిండా తెల్లటి పూతతో వచ్చింది. సీడీ4, అంటే రోగాన్ని ఎదిరించే కణాల లెక్క, బాగా పడిపోయింది. నాకు ఒళ్లు మండింది.

"మాత్రలు మాన్పించేశావా?" అని వార్డంతా వినేలా అరిచాను.

"నా సేత్తో నానే ఏస్తన్నాను సిస్టరమ్మా! నీల్లు కూడా నానే పట్టిస్తన్నాను," అని అప్పాయమ్మ ఏడ్చింది.

నేను నమ్మలేదు. జ్వరం తగ్గాక, ఒళ్లు తుడుస్తుంటే దుర్గే చెప్పింది.

"నేనే ఉమ్మేశాను దీదీ. అమ్మమ్మ అటు తిరగ్గానే."

"ఎందుకే?"

"దవా తింటే బీమారీ ఉన్నట్టేనంట. మాత్రలు మానేస్తే రోగం లేదని మళ్లీ అందరితో కూకోబెడతారనుకున్నా."

బడిలో పిల్లని వరండాలో గోనెపట్ట మీద విడిగా కూర్చోబెడుతున్నారు. పిల్లకి హెచ్‌ఐవీ ఉన్న సంగతి బడికి చేరవేసింది ఎవరో కాదు, మా వార్డు అటెండరే. అతని మరదలు అక్కడ వంట చేస్తుంది. కేస్ షీట్‌లో చూసింది ఇంటికి మోసుకెళ్లాడు.

నిలదీస్తే, "పిల్లలుండే జాగా సిస్టర్, చెప్పాలా వద్దా?" అన్నాడు.

"పక్కన కూర్చుంటే రాదని నీకు ట్రైనింగులో చెప్పలేదా?"

"చెప్పారు. అయినా డర్ ఉంటది కదా, ఎవరికైనా భయమే."

ఫిర్యాదు రాసిచ్చాను. "చోడో సిస్టర్, వదిలెయ్యండి, మన స్టాఫే కదా," అన్నారు పై అధికారి.

సెలవు పెట్టి రంగత్ బస్సెక్కాను. హెడ్మాస్టరు కుర్చీలోంచి లేవకుండానే, "ఎవరికీ అంటదని సర్టిఫికెట్ రాసివ్వండి, చూద్దాం," అన్నారు.

"మిగతా పిల్లలందరి దగ్గరా తీసుకున్నారా ఇలాంటి సర్టిఫికెట్లు?"

వరండా మూల మడతపెట్టి ఉన్న గోనెపట్ట తెచ్చి ఆయన బల్ల మీద, రిజిస్టర్ల పైన పడేసి వచ్చేశాను. దానివల్ల ఒరిగిందేమీ లేదు. బడి మారలేదు. దుర్గే బడి మారింది. ఇక్కడే పోర్ట్ బ్లెయిర్ షాదీపూర్‌లో పిన్ని ఇంట్లో ఉండి చదువుకుంది. మధ్యలో మానేస్తే వైరస్ మొండికెత్తి పాత మాత్రలకు లొంగకపోవచ్చు. దుర్గ అదృష్టం, అవే మళ్లీ పనిచేశాయి. అప్పాయమ్మని అందరి ముందు తిట్టాను గనక, అందరి ముందే క్షమాపణ అడిగాను.

అటెండరు పూలదండతో రిటైరయ్యాడు. ఆ సభకు నేను వెళ్లలేదు. ఆ కోపం ఇంకా చల్లారలేదు, చల్లారాలని నాకు లేదు కూడా.

ఇప్పుడు ఏ పిల్ల మందులు మానేసినా, ముందుగా ఇంట్లోవాళ్లను నిలదీయను. "బడిలో నీ పక్కన ఎవరు కూర్చుంటారు?" అని పిల్లనే అడుగుతాను. పేరు చెప్పడానికి ఆ పిల్ల ఎంతసేపు తీసుకుంటుందో చూస్తాను.