మాట వినని చీలమండ

ధర్మవరంలో జయరాముడు మగ్గం గుంతలో కాళ్లు పెట్టి చెక్కలు తొక్కే నేతగాడు. విరిగిన కుడికాలికి కట్టు విప్పినప్పటి నుంచి గడప దగ్గర కాలు చాపుకొని, సన్నబడిన చీలమండనూ దాని పక్కన పొడుచుకొచ్చిన గుండ్రటి ఎముకనూ ఎవరివో అన్నట్టు వింతగా చూసుకుంటాడు. పాదం ఎత్తబోతే బొటనవేలు మాత్రం వణుకుతుంది. "ఇది నా మాట ఇనేది లేదు" అంటాడు.

ఆ పొద్దు అతని మగ్గం మీద భార్య నాగలక్ష్మమ్మ కూర్చుంది. చెక్కల చప్పుడు మొదలవగానే జయరాముడి పాదం దానంతటదే కిందికి వంగింది, పైకి లేచింది. "ఇదో, కాలు ఆడతాండాది!" అని ఆమె అరిచింది. అతడు వంగి చూశాడు. పాదం ఆగిపోయింది. "నువ్వు దాన్ని సూడాకప్పా, వీధి తట్టు సూడు" అంటూ ఆమె మళ్లీ తొక్కింది. అడ్డపోగును అటూ ఇటూ నడిపే నాడెలో పట్టు అయిపోయినా ఆమె లేవలేదు. అతని పాదం ఆడినంతసేపూ ఉట్టి మగ్గాన్నే తొక్కుతూ కూర్చుంది.